బావిలో దొరికిన సీసా వయసెంత?

సముద్రంలో స్కూబా డైవింగ్ చేసేవాళ్లలో కొందరికి ఒక సరదా ఉంది. పాత రేవుల దగ్గర, మునిగిపోయిన ఓడల దగ్గర బురదలో కూరుకుపోయిన గాజు సీసాలను చూసి, అవి ఏ కాలం నాటివో కనిపెట్టడం. ఇంగ్లండ్, అమెరికాల్లో దీనిమీద పుస్తకాలున్నాయి, క్లబ్బులున్నాయి, వేలంపాటలు కూడా జరుగుతాయి. మాది జక్రాన్‌పల్లి. సముద్రం చూడాలంటే మేము రాత్రంతా రైల్లో కూర్చోవాలి. కానీ మాకు బావులున్నాయి, చెరువులున్నాయి. ఒక సీసా ఏళ్ల తరబడి దాక్కోవడానికి నీళ్లు, బురద, చీకటి ఉంటే చాలు. ఉప్పునీళ్లే కానక్కర్లేదు.

ఇది ఇప్పుడే ఎందుకు నేర్చుకోవాలంటే, మా దగ్గర బావులు ఒక్కొక్కటే పూడిపోతున్నాయి. బోర్లు వచ్చాక మోట బావుల అవసరం తీరిపోయింది. చెరువుల విషయానికొస్తే, 2015 మార్చిలో అప్పటి మా జిల్లాలోని సదాశివనగర్‌లోనే మిషన్ కాకతీయ మొదలైంది. ట్రాక్టర్ల కొద్దీ చెరువు మట్టి పొలాలకు వెళ్లింది. ఆ మట్టితో పాటు గాజు కూడా వెళ్లింది. ముక్క అయితే కాలికి గుచ్చుకున్నాక తిట్టుకుని గట్టు మీదికి విసిరేస్తాం. సీసా నిండుగా ఉంటే పాత సామాను కొనేవాళ్లకు ఇచ్చేస్తాం. లేదా ఎవరో ఫోన్‌లో సెర్చ్ చేసి, "బ్రిటిష్ కాలం నాటిది, లక్షలు పలుకుతది" అంటారు. ఒకరు అసలు చదవకుండా పారేస్తున్నారు, ఇంకొకరు తమకు కావాల్సింది చదువుకుంటున్నారు.

సీసాను సరిగ్గా చదవడం కష్టం కాదు. ఒక వేలు, ఒక భూతద్దం, కాస్త ఓపిక కావాలి. ఏ గుర్తు ఏం చెబుతుందో ముందు చూద్దాం. తర్వాత మా పెద్దబాపు వాళ్ల బావిలో దొరికిన నాలుగు సీసాల మీద ఆ గుర్తులను వాడి చూద్దాం.

ముందు వేలితో చదవాలి

నీళ్లలో పడిన సీసాకు ముందుగా పోయేది కాగితం లేబుల్. తర్వాత ఇనుప మూత తుప్పు పట్టి రాలిపోతుంది. గాజు మాత్రం మిగులుతుంది. కాబట్టి గాజునే అడగాలి.

సీసా పక్క మీద కింది నుంచి పైకి వేలితో రాస్తే సన్నటి గీత తగులుతుంది. అది అచ్చు గీత. రెండు ముక్కల అచ్చు కలిసిన చోట గాజు మీద పడే గుర్తు అది. ఆ గీత ఎక్కడ ఆగుతుందో చూడాలి.

పాత పద్ధతిలో పనివాడు పొడవాటి ఇనుప గొట్టం చివర కరిగిన గాజు ముద్దను తీసుకుని, అచ్చులో పెట్టి నోటితో ఊదేవాడు. ఒళ్లు అచ్చులో తయారయ్యేది. మూతి మాత్రం గొట్టం నుంచి విరిచాక, మళ్లీ వేడి చేసి చేత్తో తీర్చేవాడు. అందుకే అలాంటి సీసాలో అచ్చు గీత మెడ మీద ఎక్కడో ఆగిపోతుంది, మూతి నున్నగా ఉంటుంది. 1903 ప్రాంతంలో అమెరికాలో మైకేల్ ఓవెన్స్ పూర్తిగా యంత్రంతో సీసాలు చేసే పద్ధతి తెచ్చాడు. యంత్రంలో మూతి కూడా అచ్చులోనే తయారవుతుంది కాబట్టి గీత మూతి అంచు దాకా వెళ్తుంది. ఇది మొదటి పరీక్ష. గీత మూతి దాకా వెళ్తే యంత్రం, కిందనే ఆగితే చేతిపని.

అసలు గీతే లేకపోతే రెండు దారులున్నాయి. అచ్చు లేకుండా ఊది ఉండొచ్చు, లేదా అచ్చులో ఉన్నప్పుడు సీసాను తిప్పి ఉండొచ్చు. తిప్పితే ఒంటి మీద అడ్డంగా సన్నటి చారలు ఉంటాయి.

అడుగు, రంగు

సీసాను తిరగేసి అడుగు చూడాలి. మధ్యలో గరుకుగా, విరిగిన గాజు మచ్చలాగా ఉంటే దాన్ని పాంటిల్ గుర్తు అంటారు. మూతి తీర్చేటప్పుడు సీసాను పట్టుకోవడానికి అడుగున ఒక ఇనుప కడ్డీ అతికించేవాళ్లు. తర్వాత విరిస్తే ఆ మచ్చ మిగిలేది. పాశ్చాత్య దేశాల్లో 1860ల తర్వాత ఇది బాగా తగ్గిపోయింది. ఓవెన్స్ యంత్రం సీసాకైతే అడుగున పలచటి వంకర వలయం ఉంటుంది. గాజును పీల్చుకుని కత్తిరించినప్పుడు పడిన గుర్తు అది.

తయారీదారు గుర్తు కూడా ఎక్కువగా అడుగునే ఉంటుంది. మన దగ్గర దొరికే సీసాల మీద ఏజీఐ అని ఉంటే, అది 1972లో హైదరాబాద్‌లో మొదలైన కంపెనీ. అంటే ఆ సీసా అంతకంటే పాతది అయ్యే అవకాశమే లేదు. ఒక్క చూపుతో నిజాం కాలం అనే మాట కొట్టేయొచ్చు.

రంగు గురించి చాలామంది ఎక్కువ నమ్ముతారు, కానీ అది బలహీనమైన సాక్షి. ఇసుకలో ఇనుము ఉంటే గాజు ఆకుపచ్చగా వస్తుంది. ఆ పచ్చదనం పోగొట్టడానికి ఒకప్పుడు మాంగనీసు కలిపేవాళ్లు. మాంగనీసు ఉన్న తెల్ల గాజు చాలా ఏళ్లు ఎండలో ఉంటే లేత ఊదా రంగుకు తిరుగుతుంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత మాంగనీసు బదులు వేరేవి వాడారు కాబట్టి ఊదా రంగు పాతదనానికి గుర్తు అంటారు. కానీ బావి అడుగున ఎండ ఎక్కడిది? బురదలో ఉన్న సీసా, మాంగనీసు ఉన్నా తెల్లగానే బయటికొస్తుంది. కోబాల్టు కలిపితే ముదురు నీలం వస్తుంది. నీలం రంగు, ఒంటి నిండా గట్లు, మూలలు ఉన్న సీసా అయితే జాగ్రత్తగా ఉండాలి. చీకట్లో తడిమినా విషం సీసా అని తెలియడానికి ఇంగ్లండ్‌లో అలా చేసేవాళ్లు.

ఇంకొకటి, నెమలి ఈక లాంటి మెరుపు. ఏళ్ల తరబడి నీళ్లలో, తడి మట్టిలో ఉన్న సీసా మీద ఆకుపచ్చ, గులాబీ, బంగారు రంగులు కదులుతూ కనిపిస్తాయి. నీళ్లు గాజులోని సోడియంను నెమ్మదిగా లాగేస్తాయి. పైన పలచటి పొరలు పొరలుగా మిగులుతుంది. ఆ పొరల మధ్య వెలుగు ప్రతిబింబించి రంగులు పుడతాయి. వాన నీళ్ల మీద పెట్రోలు చుక్క పడితే కనిపించే రంగులకు కారణం ఇదే, మన ఫిజిక్స్ ఫస్టియర్ సిలబస్. అయితే ఈ మెరుపు ఎంత త్వరగా వస్తుందనేది గాజు మీద, నీళ్ల మీద ఆధారపడుతుంది. కాబట్టి మెరుపును చూసి ఏళ్లు లెక్కపెట్టొద్దు. తోమి పోగొట్టొద్దు కూడా. ఆ పొర సీసా ఒళ్లే.

మూతి చెప్పే కథ

సీసాలో అన్నిటికంటే ఎక్కువ మాట్లాడేది మూతి. లోపల గ్యాస్ ఉన్న పానీయాన్ని బయటికి పోకుండా ఆపడం ఎలా అనే ఒక్క సమస్య మీద ఇంజనీర్లు నూరేళ్లు పనిచేశారు.

మొదట కార్కు ఉండేది. కార్కు ఎండితే కుంచించుకుపోయి గ్యాస్ పోతుంది. అందుకే నిలబెట్టడానికి వీల్లేకుండా గుండ్రటి అడుగుతో, గుడ్డు ఆకారంలో సీసాలు చేశారు. పడుకోబెడితే కార్కు ఎప్పుడూ తడిగా ఉంటుంది. హామిల్టన్ సీసా అంటే అదే. 1872లో ఇంగ్లండ్ ఇంజనీరు హైరమ్ కాడ్ ఇంకో ఉపాయం పేటెంట్ చేశాడు. మెడలో ఒక గాజు గోలీ, మూతి లోపల ఒక రబ్బరు వలయం. సీసాను తలకిందులుగా పెట్టి నింపుతారు. గోలీ జారి మూతి దగ్గరికొస్తుంది, లోపలి గ్యాసే దాన్ని రబ్బరుకు నొక్కి పెడుతుంది. గ్యాస్ పోకుండా గ్యాసే కాపలా కాస్తుంది. బొటనవేలితో గోలీని లోపలికి నొక్కితే "కిస్స్" అని శబ్దం. మెడలో రెండు వైపులా నొక్కులు ఉంటాయి. తాగేటప్పుడు గోలీ ముందుకు దొర్లి అడ్డం పడకుండా అవి ఆపుతాయి. మన గోలీ సోడా ఇదే. పగిలిన ముక్క దొరికినా ఆ నొక్కుల వల్ల వెంటనే గుర్తుపట్టొచ్చు.

1892లో అమెరికాలో విలియం పెయింటర్ పళ్లున్న రేకు మూతకు పేటెంట్ తీసుకున్నాడు. అదే ఈరోజు ఓపెనర్‌తో తీసే మూత. దానికోసం మూతి అంచు బయటికి గుండ్రంగా ఉబ్బి ఉంటుంది. మరతో తిప్పే మూత సీసాలు మందులకు, నూనెలకు బాగా వాడారు.

మూత మిగిలి ఉంటే ఎంత చెబుతుందో ఒక ఉదాహరణ. 2010 జూలైలో బాల్టిక్ సముద్రంలో, ఫిన్లాండ్‌కు చెందిన ఓలాండ్ దీవుల దగ్గర, సుమారు 50 మీటర్ల లోతులో డైవర్లకు ఒక మునిగిన ఓడ కనిపించింది. అందులోంచి 168 షాంపేన్ సీసాలు బయటికొచ్చాయి. ఒక్క దానికీ లేబుల్ లేదు. కార్కుల మీద ముద్రలు మాత్రం ఉన్నాయి. వాటిలో తోకచుక్క గుర్తు వవ్ క్లికో అనే ఫ్రెంచ్ కంపెనీది. అలా సీసాలు 19వ శతాబ్దం మొదటి సగానివని తేల్చారు. 2015లో లోపలి ద్రవాన్ని పరీక్షిస్తే లీటరుకు 140 గ్రాములకు పైగా చక్కెర ఉంది. ఇప్పుడు ఎక్కువగా అమ్మే బ్రూట్ రకంలో 12 గ్రాముల లోపే ఉంటుంది. అంటే కార్కు ముద్ర కంపెనీ పేరు చెప్పింది, లోపలి ద్రవం ఆనాటి మనుషుల నాలుక రుచి చెప్పింది. బోధన్ చెరకు బండ్లు చూస్తూ పెరిగినవాడిగా నాకు ఈ చక్కెర లెక్క బాగా నచ్చింది.

అక్షరాలు, అంకెలు, పేర్లు

సీసా మీద ఒక పేరు కనిపిస్తే సగం పని అయిపోయినట్టే. ప్రతి పేరుకూ ఒక పుట్టిన ఏడు ఉంటుంది. సీసా దానికంటే ముందుది కాలేదు. మన ఇళ్లలో తిరిగిన కొన్ని పేర్లు చూడండి.

అమృతాంజనం 1893లో బొంబాయిలో మొదలైంది. మొదలుపెట్టింది మన కాశీనాథుని నాగేశ్వరరావు గారే. జిందా తిలిస్మాత్ 1920లో హైదరాబాద్‌లో మొదలైంది. కోకాకోలా భారతదేశంలోకి 1950లో వచ్చింది, 1977లో వెళ్లిపోయింది, 1993లో తిరిగొచ్చింది. కాబట్టి మన దేశంలో నింపిన కోకాకోలా సీసా అయితే 1950 నుంచి 1977 లోపలిది, లేదా 1993 తర్వాతది. మధ్యలో పదహారేళ్ల ఖాళీ. ఆ ఖాళీని నింపినవే థమ్సప్, ప్రభుత్వం తెచ్చిన డబుల్ సెవెన్. రెండూ 1977 తర్వాతివే.

కొలతలు కూడా సాక్ష్యం చెబుతాయి. మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చింది, 1960ల మొదట్లో అమలు గట్టిపడింది. సీసా మీద ఔన్సులు ఉంటే అది చాలావరకు అంతకు ముందు తయారైన అచ్చు. మిల్లీలీటర్లు ఉంటే తర్వాతది. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతది, ఎందుకంటే పిన్‌కోడ్ మొదలైందే ఆ రోజు.

ఉర్దూ అక్షరాలు కనిపించగానే మా వైపు అందరూ "నిజాం జమానా" అంటారు. నిజాం రాజ్యంలో ఉర్దూ ప్రభుత్వ భాష, నిజమే. కానీ యునానీ మందుల మీద ఉర్దూ ఇప్పటికీ ఉంటుంది. అక్షరం ఒక్కటే చాలదు, ఇంకో సాక్షి కావాలి.

విదేశీ పట్టికతో మన సీసాను కొలిస్తే

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఇంటర్నెట్‌లో దొరికే గైడ్లన్నీ అమెరికా, ఇంగ్లండ్ సీసాల కోసం రాసినవి. వాటి ప్రకారం గోలీ సీసా అంటే 1870 నుంచి 1930 లోపలిది. చేత్తో తీర్చిన మూతి అంటే 1915 కంటే ముందుది. అక్కడ ఆ పద్ధతులు నిజంగానే ఆగిపోయాయి. ఇక్కడ ఆగలేదు. మన దేశంలో చేత్తో ఊదడం, యంత్రం చాలాకాలం పక్కపక్కనే నడిచాయి. ఫిరోజాబాద్‌లో ఇప్పటికీ నోటితో గాజు ఊదేవాళ్లున్నారు. గోలీ సోడా అయితే ఈరోజు కూడా దొరుకుతుంది. 2025లో దాన్ని అమెరికా, బ్రిటన్, గల్ఫ్ దేశాలకు ఎగుమతి కూడా చేశారు.

కోడింగ్ భాషలో చెప్పాలంటే, ఒక పద్ధతి పుట్టిన ఏడు మనకు లోయర్ బౌండ్ మాత్రమే ఇస్తుంది. గోలీ సీసా 1872 కంటే ముందుది కాదు, అంతవరకే. అప్పర్ బౌండ్ కావాలంటే ఆ పద్ధతి మన ఊళ్లో ఎప్పుడు ఆగిందో తెలియాలి. దానికి విదేశీ పట్టిక పనికిరాదు, ఇంట్లో పెద్దవాళ్లు కావాలి.

అసలు సీసాకు ఒక వయసు కాదు, మూడు తేదీలుంటాయి. తయారైన తేదీ, చివరిసారి వాడిన తేదీ, నీళ్లలో పడిన తేదీ. సీసాను ఒకసారి వాడి పారేసే దేశంలో ఈ మూడూ దగ్గర దగ్గరగా ఉంటాయి. మన దగ్గర సీసా చాలాకాలం బతుకుతుంది. కల్లు దుకాణానికి వెళ్లి చూడండి, కల్లు వచ్చేది పాత బీరు సీసాలోనే. సీసా మీది పేరుకూ లోపలి సరుకుకూ సంబంధం ఉండదు. మరి పడిన తేదీ ఎలా తెలుస్తుంది? అది సీసా చెప్పదు, బావి చెప్పాలి.

మా బావి, నాలుగు సీసాలు

పోయిన ఎండాకాలం మా పెద్దబాపు వాళ్ల మోట బావిని పూడ్చాలనుకున్నారు. పూడ్చే ముందు గోడ రాళ్లు వేరే పనికి కావాలని లోపలి చెత్త, పూడిక తీయించారు. బావి ఎండిపోయి ఉంది. నేను పైనే ఉండి, ఏ సీసా ఎంత లోతున వచ్చిందో ఫోన్‌లో రాసుకున్నాను, ఫొటోలు తీశాను.

బావి పూడిక మన డేటా స్ట్రక్చర్స్‌లో స్టాక్ లాంటిది. చివర పడింది పైన ఉంటుంది, ముందు పడింది అడుగున ఉంటుంది. అయితే వాడుకలో ఉన్న బావికి కొన్నేళ్లకోసారి పూడిక తీస్తారు. అంటే స్టాక్ ఖాళీ అయిపోతుంది. కాబట్టి అడుగున దొరికిన సీసా బావి అంత పాతది కానక్కర్లేదు. చివరిసారి పూడిక తీసిన తర్వాత పడిన మొదటి వస్తువు అంతే. ఆ సంవత్సరం తెలిస్తే మొత్తం లెక్కకు ఆధారం దొరుకుతుంది. మా నాయనమ్మను అడిగాను. "పెద్ద కరువు వచ్చినప్పుడు తీసిండ్రు, అప్పుడు మీ పెద్దబాపు ఇంక బడికి పోతుండె. మల్ల తియ్యలే" అంది. పెద్దబాపు వయసుతో లెక్కేస్తే అది 1972 కరువు.

ఇక సీసాలు. పై పొరలో ప్లాస్టిక్ బాటిళ్ల కింద, మరమూత గట్టిగా బిగించి ఉన్న గోధుమరంగు సీసా వచ్చింది. లోపల సగం దాకా ఏదో ద్రవం. గీత మూతి దాకా ఉంది, అడుగున కొలత మిల్లీలీటర్లలో ఉంది. యంత్రం సీసా, కొత్తది. పిల్లలు మూత తీయబోతే నాయనమ్మ దూరం నుంచే అరిచింది: "ముట్టకుండ్రి! గది పురుగుల మందు సీస!" లేబుల్ లేకుండా ఆమె ఎలా గుర్తుపట్టింది? ఆకారం చూసి. ఒకప్పుడు ఎండ్రిన్ లాంటి మందులు ఊరూరా ఉండేవి. ఇప్పుడు దానిమీద దేశంలో నిషేధం ఉంది. ఆ సీసాల ఆకారం ఆ తరం వాళ్లకు మర్చిపోవడానికి వీల్లేనంత గుర్తు. అందులో ఉన్నది ఏమిటో మేము పరీక్షించలేదు, తెరవనూ లేదు.

దాని కింద రేకు మూత రకం సీసా. తెల్ల గాజు మీద వెలిసిన రంగు అక్షరాలు. తడి చేసి పక్క నుంచి టార్చ్ వేస్తే గోల్డ్ స్పాట్ అని కనిపించింది. పార్లే వాళ్ల నారింజ కూల్‌డ్రింక్. 1950ల మొదట్లో వచ్చింది. 1993లో కోకాకోలా పార్లే బ్రాండ్లను కొన్నాక నెమ్మదిగా మాయమైంది. రెండు వైపులా హద్దు దొరికిన సీసా ఇదొక్కటే.

ఇంకా కింద చిన్న చదును సీసా. ఒక పక్క మెట్లు మెట్లుగా మోతాదు గీతలు. పాత దవాఖానా మిక్చర్ సీసా. కొలత ఔన్సుల్లో ఉంది. అంటే తయారైంది 1960ల మొదటి భాగం లోపు అనుకోవచ్చు. కానీ పడింది 1972 తర్వాత. మధ్యలో పదేళ్లకు పైగా ఏం చేసింది? మూతి లోపల భూతద్దంతో చూస్తే నల్లటి మసి, కడిగినా పోనిది. మందు అయిపోయాక దాన్ని గ్యాస్‌నూనె బుడ్డి చేసుకున్నారన్నమాట. రేకు మూతకు బొక్క కొట్టి, గుడ్డ వత్తి వేసి. రాత్రి నీళ్లు పెట్టడానికి బావి దగ్గరికి తెచ్చిన దీపం చేయి జారి పడి ఉండొచ్చు. ఇది నా ఊహ. మసి మాత్రం ఊహ కాదు.

అన్నిటికంటే అడుగున గోలీ సోడా సీసా. నిండుగా ఉంది, గోలీ కూడా లోపలే ఉంది. లేత ఆకుపచ్చ గాజు, బుడగలు, భుజం దగ్గర నెమలి ఈక మెరుపు, అడుగున ఒక అంకె తప్ప పేరు లేదు. ఫొటో పెట్టి వెతికితే ఇంటర్నెట్ 1890లు అంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఇలాంటి సీసానే ఒకాయన "బ్రిటిష్ ఆంటిక్" అని అమ్ముతున్నాడు. మా బావి మాత్రం ఇది 1972 తర్వాత పడిందని చెబుతోంది. నాయనమ్మ చేతిలో పెడితే నవ్వింది. "గీ సీసకు ఇంత ముచ్చటేంది బిడ్డా? ఆర్మూరు అంగడికి పోతే తాగేటోళ్లం. సీస ఆడ్నే ఇచ్చేది. ఇంటికి తెస్తే పిల్లలు గోటీ కోసం పలగ్గొడ్తుండ్రి."

ఆ చివరి మాట నాకు ఏ గైడ్‌లోనూ దొరకలేదు. గోలీ సీసాలు నిండుగా ఎందుకు తక్కువ దొరుకుతాయో దానికి జవాబు అదే. ఒక బొమ్మ కోసం పగిలిపోయాయి.

ఈ నాలుగింటిలో వేలంపాటకు పనికొచ్చేది ఒక్కటీ లేదు. కానీ 1972 తర్వాత ఆ బావి దగ్గర ఏం జరిగిందో వరుసగా చెప్పాయి. అంగడి సోడా, గ్యాస్‌నూనె దీపం, కంపెనీ కూల్‌డ్రింక్, పురుగుల మందు, ఆ పైన ప్లాస్టిక్. ఊరి వ్యవసాయం, కరెంటు, బజారు ఎలా మారాయో ఏ రికార్డులోనూ ఈ వరుసలో రాసి లేదు. ఇప్పుడు బావి పూడిపోయింది. దాని మీద నుంచి దారి పోతోంది. ఆ వరుస ఇక మా ఫొటోల్లో, నాయనమ్మ మాటల్లోనే ఉంది.

దిగే ముందు

వాడని బావిలోకి దిగొద్దు. ఇది సలహా కాదు, హెచ్చరిక. కార్బన్ డయాక్సైడ్ గాలి కంటే బరువైనది, అడుగున చేరుతుంది. కుళ్లిన పూడికను కదిలిస్తే హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా రావొచ్చు. పూడిక తీయడానికి దిగిన మనిషి, అతన్ని కాపాడటానికి దిగిన ఇంకో మనిషి ఇద్దరూ పోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. దీపం దింపి చూసే పాత పద్ధతి ఆక్సిజన్ లేదని చెప్పగలదు, విషవాయువు ఉందని చెప్పలేదు. మండే గ్యాస్ ఉంటే దీపమే ప్రమాదం. అనుభవం ఉన్నవాళ్లు, గాలి పంపే ఏర్పాటు, పైన తాడు పట్టుకున్న మనుషులు ఉన్నప్పుడే ఆ పని జరగాలి. మనం గట్టు మీద ఉండి రాసుకుంటే చాలు.

మూత ఉన్న సీసా తెరవొద్దు, వాసన చూడొద్దు, ఎండలో పెట్టొద్దు. బురదలో చేతులు పెట్టి తడమొద్దు. బయటికొచ్చిన సీసాను వెంటనే ఎండబెడితే పొరలు రాలిపోతాయి. నీడలో నెమ్మదిగా ఆరనివ్వాలి. యాసిడ్, ఇనుప పీచు వాడొద్దు.

చట్టం కూడా ఉంది. చారిత్రక ఆసక్తి ఉన్న వస్తువు నూరేళ్లు దాటితే 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి రావొచ్చు, అలాంటివి విదేశాలకు అమ్మడం కుదరదు. సీసాలతో పాటు నాణేలో, విగ్రహమో బయటపడితే తహసీల్దార్‌కు చెప్పాలి.

రాసుకోవాల్సినవి

మీ ఊళ్లో బావి పూడుస్తున్నా, చెరువు మట్టి తీస్తున్నా, సీసా దొరికితే ఈ ఏడు విషయాలు రాసి పెట్టండి: దొరికిన చోటు, లోతు, దాని పైన కింద ఏమున్నాయి, అచ్చు గీత ఎక్కడ ఆగింది, మూతి ఏ రకం, అడుగున గుర్తులు, లోపల ఏదైనా మరక. పక్కన ఒక స్కేలు పెట్టి నాలుగు ఫొటోలు తీయండి. ఒంటిది, మూతిది, అడుగుది, అక్షరాలది.

ఎనిమిదోది కూడా ఉంది, అది ఫొటోకు దొరకదు. ఆ సీసాను ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ల చేతిలో పెట్టి, "ఇదేంది?" అని అడగండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టే, వాళ్ల మాటల్లోనే రాయండి. అవన్నీ మన క్లబ్‌కు పంపితే వచ్చే సంచికలో పక్కపక్కన పెట్టి చూద్దాం. గోలీ సోడా మీ ఊళ్లో ఏ ఏడు ఆగిందో ఒక్కొక్కరు చెప్పినా చాలు, ఏ విదేశీ గైడ్‌లోనూ లేని పట్టిక ఒకటి మన దగ్గర తయారవుతుంది.